‘అమ్మా, నీకొక మాట చెప్పాలి’ అన్నప్పుడు...

చిత్తూరులో ఒక ఇల్లు అనుకోండి. పెద్దమ్మాయికి ఇరవై మూడేళ్ళు. చదువు పూర్తయింది. మంచి సంబంధం కుదిరింది. శుభలేఖలు అచ్చయి వచ్చాయి. ఆ సాయంత్రం తండ్రి సంబరంగా కూతురితో, “పందిరి పనులన్నీ మన చుట్టమాయన చేతిలో పెట్టేశాను. చిన్నప్పుడు నీకు లెక్కలు చెప్పింది ఆయనే గదమ్మా. నువ్వంటే ఆయనకెంత ప్రేమో!” అన్నాడు. అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రే ఆత్మహత్యకు ప్రయత్నించింది. సమయానికి చూశారు కనుక బ్రతికింది.

ఆసుపత్రి వరండాలో బంధువులు తలా ఒక మాట అన్నారు. “పెళ్ళి ఇష్టం లేదేమో” అని ఒకరు. “ఎవరినైనా ప్రేమించిందేమో” అని ఇంకొకరు. “ఈ కాలం పిల్లలకు బొత్తిగా ఓర్పు లేదు” అని మరొకరు. ఎనిమిదేళ్ళ వయసులో ఆ లెక్కల పాఠాల వేళ ఏం జరిగిందని అడిగినవారు ఒక్కరూ లేరు. అడగాలని ఎవరికీ తట్టలేదు కూడా.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. విషయం బోధపడడానికి అల్లిన ఉదాహరణ మాత్రమే. కాని ఇలాంటి బాధతో మానసిక వైద్యుల దగ్గరకు వచ్చేవారు ఎందరో ఉన్నారు. బాల్యంలో జరిగిన లైంగిక అత్యాచారానికీ, పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఆ మనిషి ప్రాణం తీసుకోవాలనుకోవడానికీ సంబంధం ఉందంటే చాలామంది నమ్మరు. ఈ వారం దాన్ని గురించే మాట్లాడుకుందాం. చదవడానికి ఇబ్బందిగా ఉండవచ్చు. అయినా పిల్లలున్న ఇంటివారు చివరిదాకా చదవండి.

పత్రికలకెక్కేది ఒకటి, ఇళ్ళలో జరిగేది ఒకటి

2019 నవంబరులో అప్పటి చిత్తూరు జిల్లాలో, పెళ్ళికి వచ్చిన ఒక కుటుంబంలోని చిన్నపాపను ఒక దుర్మార్గుడు ఎత్తుకుపోయి అత్యాచారం చేసి చంపాడు. జిల్లా అంతా అట్టుడికిపోయింది. 2020 ఫిబ్రవరిలో చిత్తూరులోని ప్రత్యేక న్యాయస్థానం నేరస్థుడికి మరణశిక్ష విధించింది. ఇలాంటి వార్త చదివినప్పుడు మనం చేసే మొదటి పని, పిల్లలను పిలిచి “కొత్తవాళ్ళతో మాట్లాడకండి” అని చెప్పడం. మంచిదే. కాని అది చాలదు.

ఎందుకంటే పిల్లలకు హాని చేసేవారిలో ఎక్కువమంది కొత్తవారు కారు. కేంద్ర ప్రభుత్వ స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను విచారించి 2007లో ఒక నివేదిక ప్రకటించింది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పిల్లలలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురైనట్లు తేలింది. తాకరానిచోట తాకడం మొదలు ఘోరమైన అత్యాచారం దాకా అన్నీ ఇందులోకి వస్తాయి. సుమారు సగం సందర్భాలలో ఆ పని చేసినవారు పిల్లలకు బాగా తెలిసినవారు, వారు నమ్మినవారు. మరొక సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. బాధితులలో సగానికి పైగా మగపిల్లలు. అన్నిటికంటె బాధాకరమైన విషయం, వీరిలో చాలామంది ఎవరికీ చెప్పలేదు.

మన ఇళ్ళ సంగతి ఆలోచించండి. తిరుపతిలో ఇల్లున్నవారికి చుట్టాల కొరత ఉండదు. దర్శనానికి ఎక్కడెక్కడి బంధువులో దిగుతారు. గంగ జాతరకు, సెలవులకు ఇల్లు నిండిపోతుంది. రాత్రి హాల్లో వరుసగా చాపలు పరుస్తాం. ఏ పిల్ల ఎవరి పక్కన పడుకుందో చూసే తీరిక ఎవరికుంటుంది? పైగా మన సీమలో మేనమామకు, బావకు పిల్లనిచ్చే ఆచారం ఉంది. “నన్ను పెళ్ళి చేసుకుంటావా?” అని పసిపిల్లను ఆటపట్టించడం మనకు ముచ్చట. నూటికి తొంభైమంది మామలు కన్నతండ్రి లాంటివారే. కాని చెడుబుద్ధి గలవాడొకడు ఆ సరసం మాటునే చేయి వేస్తే, ఎక్కడ ఆట ముగిసిందో, ఎక్కడ హాని మొదలైందో ఆ పసిదానికి తెలియదు. చెప్పబోతే “మామ ఊరికే ఆటపట్టించాడులే” అని పెద్దవాళ్ళు నవ్వేస్తారు. ఆ నవ్వుతో పిల్ల నోరు మూతపడుతుంది.

గాయం ఎలా పెరుగుతుంది?

కాలు విరిగితే కట్టు కడతాం. ఆరు వారాలకు అతుక్కుంటుంది. మనసుకు తగిలిన దెబ్బ అలా కాదు. దాచిపెట్టినకొద్దీ లోలోపల చీము పడుతుంది.

పసిపిల్లలకు ఒక నమ్మకం ఉంటుంది: పెద్దవాళ్ళు చేసేది మంచే. కాబట్టి చెడు జరిగినప్పుడు “ఆయన చెడ్డవాడు” అని అనుకోలేరు. “నేనే చెడ్డదాన్ని, అందుకే నాకిలా జరిగింది” అనుకుంటారు. దానికి తోడు వాడు “ఎవరికైనా చెబితే మీ అమ్మ చచ్చిపోతుంది” అనో, “నిన్నే కొడతారు” అనో బెదిరిస్తాడు. కొందరు మిఠాయిలిచ్చి, ముద్దు చేసి లొంగదీసుకుంటారు. అప్పుడు పిల్లకు “తీసుకున్నాను గనుక నా తప్పూ ఉంది” అనే భావం నాటుకుపోతుంది.

ఆ భావం వయసుతోపాటు పెరుగుతుంది. తన శరీరమంటే తనకే అసహ్యం కలుగుతుంది. నిద్ర పట్టదు, పడితే పీడకలలు. ఎవరినీ నమ్మలేరు. ఎప్పుడూ ఏదో ప్రమాదం పొంచి ఉన్నట్లు గుండె దడదడలాడుతుంది. లేదా ఏ స్పందనా లేకుండా మొద్దుబారిపోతారు. కొందరు తాగుడులోనో, మత్తులోనో దాన్ని మరచిపోవాలని చూస్తారు. కొందరు తమను తామే గాయపరచుకుంటారు. ఈ స్థితికి దిగులు జబ్బు తోడైతే, “నేను బ్రతకడంవల్ల ఎవరికి లాభం?” అన్న ఆలోచన వస్తుంది. ఆ మనిషి కోరుకునేది నిజానికి చావు కాదు. భరించలేని ఆ బాధ ఆగిపోవాలని కోరుకుంటారు. వేరే దారి కనబడక దాన్ని చావుగా భ్రమపడతారు.

అమెరికాలో శాండియాగో నగరంలో డాక్టర్ విన్సెంట్ ఫెలిటీ అనే వైద్యుడు 1980ల్లో లావు తగ్గించే చికిత్స నడిపేవారు. చక్కగా బరువు తగ్గుతున్నవారే మధ్యలో మానేసి వెళ్ళిపోతుంటే ఆయనకు అర్థం కాలేదు. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడిగితే, చాలామంది చిన్నతనంలో లైంగిక అత్యాచారానికి గురైనవారని బయటపడింది. లావుగా ఉంటే మగవాళ్ళ చూపు పడదని, ఆ లావే వారికొక కోటగోడ అయింది! ఆ తర్వాత ఆయన, డాక్టర్ రాబర్ట్ ఆండా కలిసి 17,000 మందికి పైగా పెద్దవారి బాల్యాన్ని ఆరా తీశారు. ఆ పరిశోధన నుంచి 2001లో వెలువడిన ఒక వ్యాసం ప్రకారం, అత్యాచారం, హింస వంటి చేదు అనుభవాలలో ఏ ఒక్కటి బాల్యంలో ఎదురైనా, తర్వాతి జీవితంలో ఆత్మహత్యా ప్రయత్నం చేసే అవకాశం 2 నుంచి 5 రెట్లు పెరుగుతుంది. అలాంటి అనుభవాలు ఎక్కువైనకొద్దీ ప్రమాదమూ ఎక్కువ.

అమెరికా సంగతి మనకెందుకు అనకండి. చిత్తూరు నుంచి బస్సెక్కితే వేలూరు ఎంతో దూరం లేదు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు పక్కనున్న కణియంబాడి ప్రాంతపు పల్లెల్లో 1992 నుంచి 2001 దాకా జరిగిన 10–19 ఏళ్ళ పిల్లల మరణాలను పరిశీలించి, 2004లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రకటించారు. ఆ వయసు ఆడపిల్లల్లో ఏటా లక్షకు 148 మంది, మగపిల్లల్లో 58 మంది ఆత్మహత్య చేసుకున్నట్లు తేలింది. అది అత్యాచారాల గురించిన పరిశోధన కాదు. కాని మన చుట్టుపక్కల ఈ వయసు ఎంత ప్రమాదకరమో దానివల్ల తెలుస్తుంది. ఇలాంటి చావు జరిగినప్పుడు “పరీక్ష తప్పింది”, “తల్లి తిట్టింది” అని మనం చెప్పుకుంటాం. అది కుండ నిండాక పడిన చివరి చుక్క కావచ్చు. కుండ ఎప్పటినుంచి నిండుతూ వచ్చిందో కూడా ఆలోచించాలి.

భయపడవలసిన పని లేదు

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. చిన్నతనంలో ఇలా జరిగిన ప్రతివారూ ఆత్మహత్యకు పాల్పడరు. చాలామంది చదువుకుని, ఉద్యోగాలు చేసి, సంసారాలు చేసుకుని చక్కగా బ్రతుకుతున్నారు. అలాగే ఆత్మహత్యకు ప్రయత్నించిన ప్రతివారి వెనుకా ఇలాంటి కథ ఉందని అనుమానించడమూ తప్పే. ఆత్మహత్యకు కారణం ఎప్పుడూ ఒక్కటే ఉండదు.

మరి కొందరు కోలుకుని, కొందరు కుంగిపోవడానికి తేడా ఎక్కడ వస్తుంది? జరిగిన దాని తీవ్రత ఒక కారణం. అది ఎంతకాలం సాగిందనేది ఇంకొకటి. వీటితోపాటు మన చేతిలో ఉన్నది మరొకటి ఉంది. పిల్ల మొదటిసారి నోరు విప్పినప్పుడు పెద్దవాళ్ళు ఏమన్నారు? నమ్మి, దగ్గరకు తీసుకున్న తల్లో తండ్రో ఉన్న పిల్లలు త్వరగా కోలుకుంటారని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. అంటే మొదటి చికిత్స డాక్టరు చేతిలో లేదు. మీ నోటిమాటలో ఉంది.

పిల్లలలో ఏం గమనించాలి?

ఉన్నట్టుండి ఒక మనిషి దగ్గరకు వెళ్ళనని మారాం చేయడం. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్ళీ మొదలుపెట్టడం. ఒంటరిగా పడుకోవడానికి, స్నానానికి భయపడడం. కారణం లేని కడుపునొప్పి. మర్మావయవాల దగ్గర నొప్పి, మంట, గాయం. వయసుకు తగని లైంగిక చేష్టలు, మాటలు. బాగా చదివే పిల్ల ఒక్కసారిగా వెనకబడడం. కొంచెం పెద్ద పిల్లలయితే ఇల్లు విడిచి పోవడం, చావు గురించి మాట్లాడడం. వీటిలో ఒకటి కనబడగానే అదే కారణమని తీర్మానించకండి. వేరే కారణాలూ ఉండవచ్చు. కాని కొట్టి తిట్టేముందు పక్కన కూర్చోబెట్టుకుని, “ఏమైంది నాన్నా? ఏది చెప్పినా నిన్ను కోప్పడను” అని అడగండి.

నోరు విప్పినప్పుడు మీరేమనాలి?

పిల్లలు సాధారణంగా సమయం, సందర్భం చూసి చెప్పరు. మీరు పోపు వేస్తున్నప్పుడో, జడ వేస్తున్నప్పుడో ఒక ముక్క జారవిడుస్తారు. మీ ముఖం ఎలా మారుతుందోనని చూస్తారు. అప్పుడు పొయ్యి ఆర్పేసి వినండి. “నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. చెప్పి మంచి పని చేశావు. ఇక నేను చూసుకుంటాను.” ఈ నాలుగు మాటలు చాలు.

“అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అనకండి. “నువ్వెందుకు వెళ్ళావు అక్కడికి?” అనకండి. “ఆయన అలాంటివాడు కాదే!” అని అసలే అనకండి. “నాయనకు తెలిస్తే చంపేస్తాడు, ఎవరికీ చెప్పకు” అని ఒట్టు వేయించుకోకండి. పదిమంది ముందు పదిసార్లు చెప్పించకండి. వాడిని పిలిపించి పిల్ల ఎదుటే పంచాయతీ పెట్టకండి. ఆ మనిషి మళ్ళీ పిల్ల దరిదాపులకు రాకుండా చూడడం మీ మొదటి బాధ్యత. ఇక ఒట్టి బెదిరింపులకు, చుట్టరికాలకు లొంగి ఊరుకుంటే, వాడు మరో ఇంటి పిల్లను వెతుక్కుంటాడు.

కొన్ని సందేహాలు

పోలీసుల దగ్గరకు వెళితే పరువు పోతుంది కదా?

2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్ళలోపు ఆడపిల్లలకు, మగపిల్లలకు సమానంగా రక్షణ ఇస్తుంది. దాని ప్రకారం పిల్ల పేరు, ఊరు, బడి, ఫోటో ఏ పత్రికా ప్రకటించకూడదు. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, ఆ పిల్ల కోరినచోటనో తీసుకోవాలి. తీసుకునే పోలీసు అధికారి యూనిఫారంలో ఉండకూడదు. వీలైనంతవరకు మహిళా అధికారి అయి ఉండాలి. రాత్రిపూట పిల్లను స్టేషనులో ఉంచకూడదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష లేడీ డాక్టరే చేయాలి. ఆసుపత్రి ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా చికిత్స ఉచితంగా చేయాలి. నేరం సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని కూడా ఈ చట్టం అంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల సహాయానికి ఉన్న నంబరు.

మగపిల్లవాడికి ఏమవుతుంది?

ఆడపిల్లకు ఏమవుతుందో అదే అవుతుంది. పైగా “మగవాడివి, ఏడుస్తావా?” అనే మాట వాడి నోటికి రెండో తాళం వేస్తుంది. కొడుకునూ అడగండి, కొడుకు మాటా నమ్మండి.

చావు సంగతి ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందా?

కాదు. ఇది చాలామందికి ఉన్న అపోహ. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని నెమ్మదిగా, సూటిగా అడిగితే వారి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఉపన్యాసం ఇవ్వకండి, దేవుడిమీద ఒట్టు పెట్టకండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మందులు, పురుగుమందులు, ప్రమాదకరమైన వస్తువులు తాళం వేసి పెట్టండి, లేదా ఇంట్లోంచే తీసివేయండి. అదే రోజు డాక్టరుకు చూపించండి.

ఆత్మహత్యా ప్రయత్నం నేరం కదా, ఆసుపత్రికి ఎలా తీసుకువెళ్ళడం?

ఆ భయంతోనే ఎన్నో ప్రాణాలు పోయాయి. 2018 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం, ప్రయత్నం చేసినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించి శిక్షించకూడదంటుంది. వారికి చికిత్స, సంరక్షణ ఇప్పించడం ప్రభుత్వ విధి. 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను తీసివేశారు. కాబట్టి ధైర్యంగా వెళ్ళండి.

ఒకసారి బ్రతికితే సరిపోయిందా?

చాలదు. ఆ తర్వాతి నెలలే కీలకం. చెన్నైతో సహా అయిదు దేశాల నగరాలలో, ప్రయత్నం చేసి బ్రతికిన 1,867 మందిమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అధ్యయనం చేయించింది. దాని ఫలితాలు 2008లో వచ్చాయి. కొందరికి మామూలు చికిత్స చేసి పంపారు. మరికొందరితో ఒక గంట మాట్లాడి, ఆ తర్వాత 18 నెలలపాటు అప్పుడప్పుడు ఫోన్ చేసో, ఇంటికి వెళ్ళో “ఎలా ఉన్నావు?” అని పలకరించారు. మామూలు చికిత్స వారిలో 2.2 శాతం మంది తర్వాత ఆత్మహత్యతో చనిపోగా, పలకరింపు అందినవారిలో 0.2 శాతమే చనిపోయారు. పలకరింపుకు అంత బలముంది. డిశ్చార్జి అయిన మర్నాటినుంచి చాటుగా గుసగుసలాడే బంధువులకు ఈ లెక్క చూపించండి.

చికిత్స ఎలా ఉంటుంది?

దిగులు జబ్బుకు మంచి మందులున్నాయి. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక మధ్యలో మానరాదు. మందులతోపాటు, లేదా మందులు లేకుండానే, శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు కొన్ని వారాలపాటు మాటల ద్వారా చికిత్స చేస్తారు. జరిగినదాన్ని మరపించడం ఆ చికిత్స ఉద్దేశం కాదు. తప్పు ఎవరిదో ఆ నెత్తిన పెట్టి, ఈ మనిషి భుజాలు తేలిక చేయడం. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపువారికి వేలూరు బాగాయంలో క్రైస్తవ వైద్య కళాశాల మానసిక వైద్యశాల దగ్గర. ఇల్లు కదలలేనివారు టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర లేదు.

మీ సంగతే అయితే

ఇది చదువుతూ, మీ చిన్ననాటిదేదో గుర్తొచ్చి చేయి వణికిందా? అలాంటివారు మన పాఠకులలో కొందరైనా ఉంటారు. వారితో ఒక్క మాట. పెళ్ళి, మొదటి కాన్పు, లేదా మీ పాపకు సరిగ్గా ఆనాటి మీ వయసు రావడం, ఇలాంటి సమయాల్లో ఆ పాత బాధ మళ్ళీ తిరగబెడుతుంది. “ఇన్నేళ్ళు బాగానే ఉన్నాను, ఇప్పుడేమిటి?” అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మీకు పిచ్చి పట్టలేదు. కట్టు కట్టని గాయం నొప్పి పెడుతోంది, అంతే. అప్పుడు మీరు పసివారు. తప్పు చేసింది పెద్దవాడు. ముప్పై ఏళ్ళు గడిచినా ఆ లెక్క మారదు. మీరు నమ్మిన ఒక్కరికి చెప్పండి. భర్తకో, అక్కకో, స్నేహితురాలికో, డాక్టరుకో. మొదట చెప్పినవారు సరిగా వినకపోతే అక్కడితో ఆగకండి, రెండోవారికి చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే రేపటిదాకా ఆగవద్దు. ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి, పక్కన ఎవరినైనా ఉంచుకోండి.

మళ్ళీ ఆ చిత్తూరు ఇంటికి వద్దాం. ఆసుపత్రిలో ఆ అమ్మాయి మూడోరోజు తల్లి చేయి పట్టుకుని, “అమ్మా, నీకొక మాట చెప్పాలి” అంటుంది. పదిహేనేళ్ళు ఆలస్యంగా వచ్చిన మాట. పెళ్ళి పనులు, బంధువులు, పరువు అన్నీ తల్లి బుర్రలో గిర్రున తిరుగుతాయి. అవన్నీ అవతల పెట్టి, ఆ తల్లి మంచంమీద కూర్చుని “చెప్పమ్మా, వింటున్నాను” అంటే, కూతురి చికిత్సలో మొదటి మెట్టు ఎక్కినట్లే.

మీ ఇంట్లో ఆ మాట పదిహేనేళ్ళు ఆగకూడదు. ఈ రాత్రి పిల్లలు నిద్రపోయేముందు పక్కన కూర్చుని చెప్పండి: “నీ ఒంటిమీద ఎవరైనా చేయి వేసి, అది నీకు నచ్చకపోతే, వాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే, నాకు చెప్పు. నేను నమ్ముతాను.” చెప్పి ఊరుకోకండి. వాళ్ళు చెప్పిననాడు నమ్మండి.